రొట్టె అడగాలా, అన్నం అడగాలా?



గన్‌ఫౌండ్రీలోని పునీత జోజప్పగారి ప్రధాన దేవాలయంలో తెలుగు పూజకు వెళ్ళినవారు పరలోక జపంలో తండ్రిని అన్నం అడుగుతారు. అదే దేవాలయంలో ఆంగ్ల పూజకు వెళ్ళిన మన పిల్లలు రొట్టె అడుగుతారు. ఆబిడ్స్ చుట్టుపక్కల ఉన్న ప్రొటెస్టంటు గుడులలో మన సహోదరులు అదే జపంలో అనుదిన ఆహారం అడుగుతారు. మనం ఆ తండ్రిని ‘మీరు’ అంటాం. వారు ‘నీవు’ అంటారు. నాలుగు వీధుల మధ్య, ఒకే ఉదయం, ఒకే తండ్రికి ఇన్ని రకాలుగా విన్నపాలు వెళుతున్నాయి.

ప్రభువు నేర్పింది ఒక్కటే జపం గదా, మరి వీటిలో అసలైనది ఏది? ఈ ప్రశ్న ఇంట్లో పిల్లలు అడిగితే మనలో చాలామంది “అన్నీ ఒకటేలే, కళ్ళు మూసుకుని జపించు” అని పంపించేస్తాం. కాని ఇది తేలికగా పంపించెయ్యవలసిన ప్రశ్న కాదు. దేవుని వాక్కు ఒక ప్రజ భాషలో, ఒక ప్రజ అలవాట్ల మధ్య పుట్టి, మరొక ప్రజ ఇంటికి వచ్చినప్పుడు ఏం మారవచ్చు, ఏం మారకూడదు? ఎవరి సంస్కృతి కళ్ళతో దాన్ని చదవాలి? పండితులు తమ గదుల్లో తేల్చుకోవలసిన సంగతి అని దీన్ని వదిలెయ్యలేం. మన వంటింటి దాకా వచ్చే సంగతి ఇది.

మూలంలోనే ఉన్న చిక్కు

ముందుగా ‘అనుదిన’ అనే మాటను చూడండి. సువార్తల గ్రీకు మూలంలో రొట్టెకు ముందున్న ఆ విశేషణం చాలా అరుదైనది. మూడవ శతాబ్దంలో గ్రీకు మాతృభాషగా గల ఓరిజెన్ అంతటి పండితుడే, ఈ మాట జనం నోట గాని, గ్రంథాలలో గాని తనకు కనబడలేదనీ, సువార్తికులే దీన్ని కల్పించినట్టున్నదనీ రాశాడు. తరువాత పునీత జెరోముగారు లతీనులోకి మార్చేటప్పుడు ఆ ఒక్క మాటకే రెండు చోట్ల రెండు అర్థాలిచ్చారు. లూకా సువార్తలో ‘ప్రతిదినపు’ అన్నారు. మత్తయి సువార్తలో ‘పదార్థానికి మించిన’ అనే అర్థం వచ్చే మాట వేశారు. మొదటిది పొయ్యి మీది గిన్నెను గుర్తుకు తెస్తుంది, రెండవది పీఠం మీది దివ్యసత్ప్రసాదాన్ని.

అంటే అనువాదం చేసేవాడు కేవలం మాటకు మాట పేర్చేవాడు కాడు. ప్రతి మాట దగ్గర ఆగి, దారి ఎంచుకుని, ఆ ఎంపికకు బాధ్యత వహించేవాడు. ఆ బాధ్యత ఎంత బరువైనదో చెప్పే సంఘటన ఒకటి పునీత అగుస్తీనుగారు 403లో జెరోముగారికి రాసిన లేఖలో ఉంది. యోనా ప్రవక్తకు నీడనిచ్చిన మొక్క ఏది? పాత అనువాదంలో అది సొరపాదు. జెరోముగారు హీబ్రూ మూలం చూసి మరో తీగ పేరు వేశారు. నేడు లిబియా దేశంలో ట్రిపోలీ అని పిలిచే పట్టణంలో ఒక మేత్రాణులు ఈ కొత్త అనువాదాన్ని చదివించగా, తరతరాలుగా విన్న మాట మారిందని విశ్వాసులు గుడిలో గొడవ చేశారు. విశ్వాసులు లేని గుడి మిగులుతుందేమోనని ఆ మేత్రాణులు పాత మాటనే తిరిగి పెట్టవలసి వచ్చింది.

ఇంతా చేసి, ఆ మొక్క ఆముదపు మొక్క అయి ఉంటుందని నేటి పండితులు చాలామంది అంటారు. చెట్టు లేని ఊళ్ళో ఆముదపు చెట్టే మహావృక్షం అన్న సామెత తెలిసిన మనకు ఆ కథ ఇట్టే అర్థమవుతుంది. నీడలేని ఎడారిలో యోనా ఆ మొక్కను చూసి అంతగా ఎందుకు సంతోషించాడో వేరే చెప్పనక్కరలేదు. అయినా చాలాకాలంగా వాడుకలో ఉన్న ప్రొటెస్టంటు తెలుగు బైబులులో అది సొరచెట్టుగానే ఉండిపోయింది. పొరుగు ప్రజల మాట మన ఇంట్లోకి వచ్చి కూర్చుంటే, మన పెరటి మొక్క మనకే కనబడకుండా పోవడం అంటే ఇదే.

అన్నం అంటే వరి ఒక్కటేనా?

ఇక మన అన్నం దగ్గరికి వద్దాం. యూదుల దేశంలో రొట్టె లేని భోజనం లేదు. తెలుగువాని నోట భోజనానికి మారుపేరు అన్నం. మధ్యాహ్నం రొట్టె తిన్న మనిషిని కూడా “అన్నం తిన్నావా?” అనే పలకరిస్తాం. కనుక ‘అన్నం’ అన్న మన పెద్దలు ప్రభువు మాటను మార్చలేదు, ఆ మాటలోని ఆకలిని మన భాషలోకి తెచ్చారు. రొట్టె అని ఉంచి ఉంటే, అనేకమంది తెలుగువారికి అది జ్వరం వచ్చినప్పుడు తినే బ్రెడ్డుగానో, ఆబిడ్స్ బేకరీ అద్దాల వెనుక కనబడే వస్తువుగానో మిగిలేది.

కాని ఇక్కడ కూడా తొందరపడకూడదు. మనం ఉన్నది తెలంగాణలో. ఈ మెట్ట ప్రాంతపు పల్లెల్లో పేదవాడు తరతరాలుగా తిన్నది జొన్నరొట్టె, జొన్న గటక. వరి అన్నం చాలా ఇళ్ళలో పండుగనాటి భోజనం. అటువంటి ఇంటి నుంచి వచ్చిన తల్లి “మా అన్నం మాకు ఇవ్వండి” అని జపించినప్పుడు, డెల్టా జిల్లాల రైతు అడిగిన దానికంటే పెద్ద వరమే అడిగింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక ఆ పండుగ భోజనం పేదింటి మామూలు భోజనం కాసాగింది. జపంలో మాట మారలేదు. ఆ మాట వెనుక ఉన్న కంచం మారింది. ఒక్క ‘తెలుగు సంస్కృతి’ అనేది ఎక్కడా లేదనీ, మెట్టకూ మాగాణికీ, ఊరికీ వాడకూ, నిన్నకూ నేటికీ మధ్య అనేక సంస్కృతులున్నాయనీ ఇందువల్ల తెలుస్తుంది. “మన సంస్కృతి ప్రకారం” అని ఎవరైనా అన్నప్పుడు, ఎవరి సంస్కృతి అని అడగడం నేర్చుకోవాలి.

మరి పీఠం మీద?

ఇక్కడ కొందరికి సందేహం కలుగుతుంది. జపంలో రొట్టె అన్నంగా మారవచ్చు గదా, పీఠం మీద రొట్టె మాత్రం ఎందుకు మారకూడదు? శ్రీసభ చట్టం దివ్యబలిపూజకు గోధుమ రొట్టెనే, ద్రాక్షరసాన్నే వాడాలంటుంది. ఈ సందేహం అల్పమైనది కాదు. ఆఫ్రికాలోని కామెరూన్ దేశపు గురువు, వేదాంతి జాన్ మార్క్ ఎలా ఇదే ప్రశ్న గట్టిగా అడిగారు. ఆయన ప్రజలు పండించేది చిరుధాన్యం. వారి పొలంలో పండని గోధుమను పరదేశం నుంచి కొని తెచ్చి, ఇదే మీ శ్రమఫలం అని పీఠం మీద ఎలా పెట్టాలి అన్నది ఆయన బాధ.

నాకు తోచిన సమాధానం ఇది. మాట వేరు, గుర్తు వేరు. మాట పని అర్థాన్ని చేరవేయడం. చేరవేయలేకపోతే దాన్ని మార్చాలి. గుర్తు పని ఒక సంఘటనను మన చేతిలో పెట్టడం. క్రీస్తు ప్రభువు ఏ దేశానికీ ఏ కాలానికీ చెందని భావం కాడు. ఒక యూదుల తల్లి కడుపున పుట్టి, గలిలయ యాసలో మాట్లాడి, ఒక రాత్రి ఒక బల్ల దగ్గర రొట్టె విరిచిన మనిషి. ఆ సంఘటన మన ఊళ్ళో జరగలేదు. జరగలేదన్న సత్యాన్ని కూడా మనం గుర్తుంచుకోవాలి. ఆ గోధుమ రొట్టె, రక్షణ మనం కల్పించుకున్నది కాదనీ, మరొక ప్రజ చేతుల మీదుగా మనకు అందిన కానుక అనీ పూజ పూజకూ చెబుతుంది. అన్నీ మన రంగులోకి మార్చేస్తే చివరకు మనం మన ముఖాన్నే పూజించుకుంటాం.

అయితే ఈ సమాధానంతో ఆ గురువు ప్రశ్న ముగిసిపోదు. ఆకలిగా ఉన్న ప్రజ మధ్య రొట్టె విరవడం అంటే ఏమిటన్నది ఆయన అసలు ప్రశ్న. దానికి ధాన్యం పేరు చెప్పి తప్పించుకోలేం.

కరువు వినబడే చెవులు

సంస్కృతి మనకు కళ్ళనిస్తుంది, కొన్నిటిని కళ్ళకు కనబడకుండా కూడా చేస్తుంది. అమెరికా దేశపు బైబులు పండితుడు మార్క్ ఆలన్ పవెల్ 2007లో ప్రచురించిన పుస్తకంలో ఒక ప్రయోగం గురించి చెప్పాడు. తప్పిపోయిన కుమారుని కథ చదివించి, పుస్తకం మూయించి, జ్ఞాపకం ఉన్నంత వరకు తిరిగి చెప్పమన్నాడు. అమెరికాలో 100 మందిని అడిగితే, ఆ దేశంలో కరువు వచ్చిందన్న సంగతి చెప్పినవారు 6 మందే. రష్యాలోని సెంట్ పీటర్స్‌బర్గ్ నగరంలో 50 మందిని అడిగితే 42 మంది కరువును మరచిపోకుండా చెప్పారు. రెండవ ప్రపంచ యుద్ధంలో శత్రువులు ఆ నగరాన్ని ముట్టడించినప్పుడు లక్షల మంది ఆకలితో చచ్చిపోయారు. ఆ పిల్లవాడు ఎందుకు పందుల దగ్గరికి చేరాడని అడిగితే అమెరికావారు డబ్బు తగలేసినందుకు అన్నారు, రష్యావారు కరువు వచ్చినందుకు అన్నారు. టాంజానియా దేశంలో మరో జవాబు వచ్చింది: అతనికి ఎవరూ ఏమీ పెట్టలేదు గనుక. ఊరికి వచ్చిన పరదేశికి అన్నం పెట్టకపోవడం ఆ ఊరి తప్పు అన్నది వారి ఉద్దేశం.

లూకా సువార్త 15వ అధ్యాయం తీసి చూడండి. మూడూ అక్కడే ఉన్నాయి. డబ్బు తగలేశాడు, కరువు వచ్చింది, ఎవరూ ఏమీ పెట్టలేదు. ఎవరూ గ్రంథానికి కొత్తగా ఏమీ కలపలేదు. తమ బ్రతుకు చూపించినదాన్ని చూశారు, చూపించనిదాన్ని దాటేశారు.

మన సంగతేమిటి? తెలుగు క్రైస్తవులకు కరువు కొత్త కాదు. 1832-33లో గుంటూరు సీమను తుడిచిపెట్టిన కరువును జనం డొక్కల కరువు అన్నారు. 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు బోధకుడు జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం గుత్తకు తీసుకుని ఆకలిగొన్న మాదిగ కుటుంబాలకు పని కల్పించాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది అక్కడ జ్ఞానస్నానం పొందారు. వారిని ‘అన్నం కోసం కలిసినవారు’ అని ఆనాడూ ఎగతాళి చేశారు, ఈనాడూ చేస్తున్నారు. అటువంటి ఎగతాళి విన్నప్పుడు తప్పిపోయిన కుమారుణ్ణి గుర్తు చేసుకోండి. అతను ఇంటిదారి పట్టినప్పుడు మొదట తలచుకున్నది తండ్రి ప్రేమను కాదు, తండ్రి ఇంట్లో కూలివాళ్ళకు దొరుకుతున్న తిండిని. అయినా తండ్రి పరుగెత్తుకుంటూ వెళ్ళి అతన్ని కౌగిలించుకున్నాడు. ఆకలి దారిన వచ్చిన కొడుకును కొడుకు కాదనలేదు.

నాంపల్లి స్టేషనులో దిగినవారిలో ఎందరికో ఈ నగరమే ఆ దూరదేశం. వాన లేక, అప్పు తీరక పాలమూరు వంటి జిల్లాల నుంచి కూలికి వచ్చినవారు తరతరాలుగా ఇక్కడ దిగారు. వారిలో ఆస్తి తగలేసినవారు ఎందరు? తగలేయడానికి వారికి ఆస్తి ఏది? వారు మన గుడి వెనుక బెంచీ మీద కూర్చుని ఆ కథ వింటున్నప్పుడు, మనం దుర్వ్యసనాల మీద మాత్రమే ప్రసంగం చెబితే, వారికి వినబడవలసిన సగం సువార్తను దాచిపెట్టినట్టే.

ఎవరిని ‘అమ్మా’ అంటాం?

ఇప్పుడు ‘మీరు’, ‘నీవు’ సంగతి చూద్దాం. హీబ్రూలోగాని గ్రీకులోగాని ఒక మనిషిని గౌరవంగా పిలవడానికి వేరే సర్వనామం లేదు. రాజైనా కూలివాడైనా ఒకటే మాట. తెలుగులోకి తెచ్చేవాడు మాత్రం ప్రతి సంభాషణ దగ్గరా నిర్ణయించుకోవాలి. ఎవరు ఎవరిని మీరనాలి, ఎవరు ఎవరిని నువ్వనాలి? మన కతోలిక జపాలు దేవుణ్ణి ‘మీరు’ అన్నాయి, ప్రభువును ‘ఏలినవారు’ అన్నాయి. అది జమీందారుల, సంస్థానాల కాలపు మర్యాద. ప్రొటెస్టంటు సహోదరులు ‘నీవు’ అన్నారు. అది తెలుగు భక్తి పాటల చనువు. మర్యాద లేనిచోట భయభక్తులు పోతాయి, చనువు లేనిచోట బిడ్డతనం పోతుంది. అందుకే ఇందులో ఒకరిది తప్పని నేననుకోను.

కాని మనిషికీ మనిషికీ మధ్య ఈ సర్వనామం అంత అమాయకమైనది కాదు. మన పల్లెల్లో ఊరి పిల్లవాడు వాడ నుంచి వచ్చిన ముసలాయనను “ఏరా” అని పిలిచిన కాలం ఎంతో వెనుకటిది కాదు. అటువంటి భాషలో అనువాదకుడు ఏం చేస్తాడో చూడండి. యోహాను సువార్తలో ప్రభువు కానాలో తన తల్లినీ, బావి దగ్గర సమరియ స్త్రీనీ, సమాధి దగ్గర మగ్దల మరియనూ ఒకే గ్రీకు మాటతో పిలిచారు. దానికి ‘స్త్రీ’ అని అర్థం. ముందు నేను చెప్పిన ఆ ప్రొటెస్టంటు తెలుగు బైబులు అన్ని చోట్లా ‘అమ్మా’ అన్నది. ఇందులో పోయినది ఒకటుంది. ఆదికాండంలోని మొదటి స్త్రీని గుర్తుచేసే ఆ మాటలోని గూఢార్థం తెలుగు చెవికి అందదు. కాని దొరికింది కూడా ఒకటుంది. ఐదుగురు భర్తల తరువాత పరాయివానితో ఉన్న, యూదులు అంటరానిదానిగా చూసిన ఆ స్త్రీని ప్రభువు, సొంత తల్లిని పిలిచిన మాటతోనే “అమ్మా” అన్నారు. ఆ గౌరవం సువార్తలో ఉన్నదే. దాన్ని పైకి వినిపించింది మాత్రం తెలుగు మర్యాద.

ఆ బావి దగ్గరి కథను ఏ దేశంవారికంటే మనమే బాగా అర్థం చేసుకోగలం. ప్రభువు దాహమిమ్మని అడిగితే ఆమె ఎందుకు ఆశ్చర్యపోయింది? యూదులకూ సమరియులకూ పొత్తు లేదని మామూలుగా అనువదించే వాక్యానికి, వారు ఒకే పాత్రను కలిసి వాడరని అర్థమని డేవిడ్ డౌబె అనే పండితుడు 1950లో వాదించాడు. కొన్ని ఆధునిక అనువాదాలు ఈ అర్థం వైపే మొగ్గాయి. పాశ్చాత్య పాఠకునికి ఇది అర్థం కావడానికి పేజీ అడుగున వివరణ కావాలి. మనకు అక్కరలేదు. ఎవరి బావిలో ఎవరు తోడకూడదో, ఎవరి కుండ ఎవరు ముట్టకూడదో మన తాతముత్తాతలకు బాగా తెలుసు. వారిలో కొందరు ముట్టుకోనివ్వనివారు, కొందరు ముట్టుకోనివ్వబడనివారు.

ఇక్కడే అసలు ప్రశ్న ఎదురవుతుంది. మన సంస్కృతి మనకు ఈ వాక్యాన్ని ఇంత స్పష్టంగా చూపిస్తున్నది గదా, మరి ఈ వాక్యం మన సంస్కృతిని ఏమంటున్నది? ప్రభువు ఆ స్త్రీ కడవలోని నీళ్ళు అడగడమే గాక, ఆ సమరియుల ఊళ్ళో రెండు రోజులు ఉన్నారని సువార్త చెబుతుంది. రెండు రోజులు ఎవరి ఇంట్లో భోజనం చేశారు? ఎవరి కంచంలో?

గ్రంథం మనల్ని చదవడం

రెండవ వాటికను మహాసభ 1965 నవంబరు 18న వెలువరించిన దైవావిష్కరణ పత్రం ఈ విషయంలో మనకు రెండు మాటలు నేర్పింది. దేవుడు మనుషుల ద్వారా, మనుషుల పద్ధతిలో మాట్లాడాడు గనుక, ఆ రచయితలు తమ కాలంలో, తమ సంస్కృతిలో ఏ ఉద్దేశంతో రాశారో ముందు వెదకాలి. ఇది మొదటిది. ఆ గ్రంథాన్ని మొత్తంగా, శ్రీసభ సజీవ సంప్రదాయంతో కలిపి చదవాలి. ఇది రెండవది. విశ్వాసులందరికీ గ్రంథం అందుబాటులో ఉండాలనీ, అవకాశం ఉన్నచోట ఇతర క్రైస్తవ సహోదరులతో కలిసి అనువాదాలు చేయవచ్చుననీ కూడా అదే పత్రం అన్నది. మన భాషలో ఫాదర్ పూదోట జోజయ్యగారు కతోలిక బైబులు అనువాదంతో, తమ బైబులు భాష్యాలతో చేసిన సేవ ఆ బాటలోనిదే. 1993లో పాపుగారి బైబులు పరిశోధక సంఘం వెలువరించిన పత్రం మరో అడుగు ముందుకు వేసి, అనువాదం మొదటి మెట్టు మాత్రమేనన్నది. ఆ తరువాత వ్యాఖ్యానం, దాని తరువాత వాక్యం ఆ ప్రజ జీవితంలోకి దిగడం రావాలి.

మనం మొదటి మెట్టు ఎక్కాం. దీపారాధన, హారతి, నేల మీద కూర్చోవడం వంటి 12 అంశాలను భారతీయ పూజాపద్ధతికి రోము 1969లో అనుమతించింది. అవి మంచివే. గురజాడ నుంచి జాషువా దాకా తెలుగు చదివినవారికి, జాషువాగారి ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమి బహుమతి వచ్చిందంటే గర్వంగానే ఉంటుంది. కాని హారతి పళ్ళెంతోపాటు కులం పళ్ళేన్ని కూడా సంస్కృతి పేరుతో గుడిలోకి తెచ్చుకుంటే అది వాక్కు మనలోకి దిగడం కాదు. మనం వాక్కును మన బురదలోకి దించడం.

భారత కతోలిక మేత్రాణుల సమాఖ్య 2016 డిసెంబరులో దళితుల సాధికారతపై విధాన పత్రం ప్రకటిస్తూ, శ్రీసభలోనే అంటరానితనం ఉన్నదని ఒప్పుకుని, అది పాపమన్నది. 2022 ఆగస్టు 27న మన హైదరాబాదు అగ్రపీఠాధిపతులు పూల ఆంతోనిగారు కార్డినల్ అయ్యారు. దళితుల నుంచి ఆ పదవికి ఎన్నికైన మొదటివారు, తెలుగువారిలో మొదటివారు కూడా వారే. మనమందరం చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లు పెళ్ళి సంబంధాల దాకా, ఇంటి గడప దాకా వచ్చాయా అన్నది ఎవరికి వారు చెప్పుకోవలసిన జవాబు.

ఇంట్లో చదివేటప్పుడు

కుటుంబంగా కూర్చుని గ్రంథం చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

ఒకటి: ఈ మాట మొదట విన్నవారికి ఇది ఎలా వినబడింది? ఇందుకు కొంచెం చదువు కావాలి. తెలియనప్పుడు గురువులనో, మఠకన్యలనో, ఉపదేశినో అడగండి.

రెండు: దీన్ని నాకంటే వేరే బ్రతుకు బ్రతికేవారు ఎలా వింటారు? ఇందుకు వినయం కావాలి. పక్కింటి ప్రొటెస్టంటు సహోదరుని అడగండి. నాంపల్లిలో ఉండి ఉర్దూ వినని చెవి ఉండదు. 1814లోనే శ్రీరాంపురంలో హెన్రీ మార్టిన్ ఉర్దూ కొత్త నిబంధన అచ్చయింది. ఆయన పేరిట 1930లో లాహోరులో పుట్టి 1971లో మన నగరానికి వచ్చిన సంస్థ, క్రైస్తవులూ ముస్లిములూ ఒకరి మాట ఒకరు వినడానికి కృషి చేస్తున్నది. యూసుఫైన్ దర్గా వీధిలో ఉపవాసం విడిచేటప్పుడు పొరుగువానికి పండు అందించే చేతిని చూస్తే, అన్నం పంచుకోవడం గురించిన వాక్యాలు మనకు మరింత లోతుగా అర్థమవుతాయి. మన విశ్వాసం దానివల్ల తరగదు.

మూడు: ఇది చదివాక నా ఇంట్లో ఏం మారాలి? ఏదీ మారనక్కరలేదని తేలితే, మన అలవాట్లకే గ్రంథం చేత సంతకం పెట్టించుకున్నామేమో అని అనుమానించండి. మనకు నచ్చినదాన్నే ప్రతిసారీ చెప్పే వాక్యం దేవునిది కాదు, మనదే.

ఈ వారం యోహాను సువార్త 4వ అధ్యాయం ఇంటిల్లిపాదీ కలిసి చదవండి. చదివాక వంటింట్లోకి వెళ్ళి గూట్లో చూడండి. మన ఇంట్లో గిన్నెలు తోమే అమ్మకు చాయ్ పోసి ఇచ్చే గ్లాసు ఏది? అది మన గ్లాసులతో కలిసి ఉన్నదా, లేక కిటికీ పక్కన విడిగా బోర్లించి ఉన్నదా? ఆమెను పేరు పెట్టి ‘నువ్వు’ అంటున్నామా, ‘అమ్మా’ అంటున్నామా?

రొట్టె అడిగినా, అన్నం అడిగినా, ఆ జపంలో ‘నాకు’ అని ఎక్కడా లేదు. ఏ భాషలోనైనా ‘మాకు’ అనే ఉంది. ఆ ‘మా’లో ఆమె కూడా ఉంటేనే మన తెలుగు అనువాదం సరైనది.